శనివారం ఆఖరి పీరియడ్

జూన్ రెండో వారంలో ఒకసారి ఏన్కూరు బస్టాండుకు వెళ్లి చూడండి. తల్లాడ వైపు పోయే బస్సు కోసం తండ్రులు నిలబడి ఉంటారు. పక్కన ఒక బ్యాగు, ఒక బకెట్టు. బకెట్టులో మగ్గు, సబ్బుపెట్టె, గుడ్డలో చుట్టిన పచ్చడి సీసా. ఆ పక్కన ఎటో చూస్తూ ఒక పిల్ల. మా రోజుల్లో బ్యాగు బదులు రేకు ట్రంకు పెట్టె ఉండేది, అంతే తేడా. బకెట్టు మారలేదు, పిల్ల మొహమూ మారలేదు.

1986లో అలా నిలబడ్డది నేను. నాన్న మిర్చి రైతు. ఆ ఏడు పంటకు ధర పలికిందో, అమ్మ పోరు పడలేకపోయాడో తెలియదు గానీ, తల్లాడ, వైరా మీదుగా ఖమ్మం తీసుకెళ్లి, సిస్టర్లు నడిపే కతోలిక హైస్కూల్లో ఆరో తరగతిలో చేర్పించాడు. బోర్డింగు కూడా అక్కడే. ఆ బడి పేరు చెప్పను. మంచీ చెబుతాను, చెడూ చెబుతాను. పేరు చెబితే మొదటిది పొగడ్త అవుతుంది, రెండోది పితూరీ అవుతుంది.

ఇవాళ పాఠాల జోలికి పోను. లెక్కలూ సైన్సూ ఏ బడిలోనైనా అవే. ఆఖరి గంట కొట్టాక ఏం జరిగేది, ఎవరు ఎవరి పక్కన కూర్చునేవాళ్లు, ఏ సంఘంలో ఎవరికి చోటు దొరికేది, అదీ నేను చెప్పదలుచుకున్నది.

మన ప్రాంతానికి కతోలిక బడులు కొత్తేమీ కాదు. 1952లో వరంగల్ మేత్రాసనం, అంటే ఒక బిషప్పు కింది ప్రాంతం, ఏర్పడ్డప్పుడు ఖమ్మం దాని కిందే ఉండేది. ఇటలీ నుంచి వచ్చిన అల్ఫోన్సో బెరెట్టా గారు అక్కడ తొలి బిషప్పు. నేను ఏడో తరగతిలో ఉండగా, 1988 జనవరిలో, ఖమ్మం విడిగా మేత్రాసనం అయింది. కర్నూలు నుంచి జోసఫ్ రాజప్ప గారు ఇక్కడికి తొలి బిషప్పుగా వచ్చారు. పెద్దలకు అది చరిత్ర. మాకు మాత్రం ఆ సందర్భంలో మెస్సులో వండిన కోడికూరే గుర్తు.

బోర్డింగులో నా వరుసలో పడుకున్న పిల్లలు ఉమ్మడి ఖమ్మం జిల్లా నలుమూలల వాళ్లు. చర్ల, వెంకటాపురం నుంచి కోయ పిల్లలు. కూనవరం నుంచి ఒకామె. ఆ ఊరు 2014 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లోకి పోయింది, మా స్నేహం మాత్రం ఏ రాష్ట్రంలోకీ పోలేదు. ఏన్కూరు, జూలూరుపాడు వైపు తండాల నుంచి లంబాడా పిల్లలు. ఇల్లెందు గనుల నుంచి ఇద్దరు. మాలో కతోలికులు సగం కూడా లేరు. పొద్దున మొదటి గంటలో వాళ్లు సత్యోపదేశానికి వెళ్లేవాళ్లు, మిగతా వాళ్లం నీతిబోధ క్లాసుకు. గుర్తింపు ఉన్న బడిలో తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఏ పిల్లనూ మతబోధకు కూర్చోబెట్టకూడదని రాజ్యాంగంలో 28వ అధికరణం చెబుతుంది. అది మాకు అప్పుడు తెలియదు. నీతిబోధ పుస్తకంలో బొమ్మలు తక్కువని, సత్యోపదేశం పుస్తకంలో రంగు బొమ్మలు ఉన్నాయని మాత్రం కుళ్లుకునేవాళ్లం.

బోర్డింగులో అసలు సంఘం ఏదని అడిగితే, పచ్చడి సీసా సంఘం అంటాను. దానికి అధ్యక్షులు లేరు, రుసుము లేదు. ఎవరి సీసాలో ఆవకాయ మిగిలి ఉంటే వాళ్ల చుట్టూ ఆరుగురు కూర్చుంటారు. సీసా అడుగు కనబడ్డ రోజున ఆ ఆరుగురూ ఇంకో సీసా చుట్టూ చేరతారు. స్నేహం అంటే ఇంతేనా అని మొదటి ఏడు ఏడ్చాను. రెండో ఏడు నేనూ సీసాలు మారడం నేర్చుకున్నాను. నెలకో ఆదివారం ఇళ్ల నుంచి మనుషులు వచ్చేవాళ్లు. ఎవరూ రాని పిల్లలు ఆ రోజు బట్టలు ఉతకడానికి పంపు దగ్గరికి పోయేవాళ్లు. ఉతికిన బట్టనే మళ్లీ ఉతికేవాళ్లు. తర్వాత ఒక సిస్టరుగారు ఒక ఏర్పాటు చేశారు. వచ్చిన సకినాలూ మురుకులూ అన్నీ ఒక డబ్బాలో పోసి సోమవారం సాయంత్రం అందరికీ పంచడం. చాటుగా దాచుకున్నవాళ్లు ఉన్నారనుకోండి. నేనూ దాచాను.

బడిలో సంఘాలు వేరు. నాలుగు హౌసులు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు. ఒక్కో దానికి ఒక పునీతుని పేరు. ఈ హౌసుల ఏర్పాటు ఇంగ్లండులో వసతి బడుల నుంచి వచ్చింది. అక్కడ పిల్లలు నిజంగానే వేర్వేరు ఇళ్లలో ఉండేవాళ్లు కాబట్టి ఆ పేరు. మాకు ఇళ్లు లేవు, రిబ్బన్లు ఉన్నాయి. ఆగస్టు 15కు మార్చ్ పాస్ట్, డిసెంబరులో క్రిస్మస్ పాటల పోటీ, వార్షికోత్సవానికి నాటిక. కెప్టెన్ ఛాతీ మీద బ్యాడ్జి.

ఆ బ్యాడ్జి ఎవరికి వచ్చేదో వినండి. సభలో ఇంగ్లీషులో నాలుగు ముక్కలు తడబడకుండా చెప్పగలిగిన వాళ్లకు. అంటే డే స్కాలర్లకు. పట్నంలో ఆఫీసర్ల పిల్లలకు, షాపుల వాళ్ల పిల్లలకు. బోర్డింగు పిల్లలం వెనక వరుసలో చప్పట్లకు. పైగా తెలుగు మాట్లాడితే మెడలో ఒక చెక్కబిళ్ల వేసేవాళ్లు. సాయంత్రానికి అది ఎవరి మెడలో ఉంటే వాళ్లు వరండా ఊడవాలి. మా వరుసలో ఒక తండా పిల్ల ఉండేది. ఇంట్లో లంబాడీ, ఊళ్లో తెలుగు, కోయ స్నేహితురాళ్ల వల్ల కోయ కూడా కొంత. మూడు భాషల మనిషి. ఆ బిళ్ల భయానికి మూడింటినీ మింగేసింది. టీచర్లు ఆమెను మూగదని అనుకున్నారు. నాకు ఆ బడి మీద ప్రేమ చాలా ఉంది, కానీ ఆ చెక్కబిళ్ల విషయంలో నేటికీ క్షమించలేదు.

ఇక కతోలిక బడులకే ప్రత్యేకమైన సంఘాలు రెండు. మొదటిది లీజియన్ ఆఫ్ మేరీ. ఐర్లండు రాజధాని డబ్లిన్‌లో 1921 సెప్టెంబరు 7న ఫ్రాంక్ డఫ్ అనే ప్రభుత్వోద్యోగి కొంతమందితో కలిసి మొదలుపెట్టాడు. పేర్లెన్నో పాత రోమన్ సైన్యం నుంచి తెచ్చుకున్నవి. పని మాత్రం ఆసుపత్రుల్లో రోగులను పలకరించడంతో మొదలైంది. ఇద్దరిద్దరుగా వెళ్లాలి, వారం తిరిగేసరికి ఏం చేశారో సమావేశంలో నిలబడి చెప్పాలి. మా బడిలో కతోలిక పిల్లలు శనివారం మధ్యాహ్నం ప్రభుత్వాసుపత్రికి వెళ్లేవాళ్లు. వాళ్లతో తోడు వెళ్తే గేటు దాటొచ్చని, బజారు కనబడుతుందని మేమూ వెళ్లాం. భక్తి కాదు, బజారు! ఒక రోజు ఆసుపత్రి మంచం మీద మా ఊరి ముసలమ్మ కనబడింది. పాము కరిచి చేర్చారట. నన్ను చూసి ఏడ్చింది. తర్వాతి వారం బజారు కోసం వెళ్లలేదు.

రెండోది వై.సి.ఎస్., యువ క్రైస్తవ విద్యార్థుల ఉద్యమం. మన దేశంలో దానికి జోడుగా వై.ఎస్.ఎం., యువ విద్యార్థుల ఉద్యమం అని ఉంది, ఇతర మతాల పిల్లలూ చేరేందుకు. నేను చేరింది అందులోనే. దీని పుట్టుక గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఆ కథ బెల్జియంలో జరిగినా మన పక్క ఊళ్లో జరిగినట్టే ఉంటుంది.

జోసఫ్ కార్డిన్ అని ఒక పేదింటి పిల్లవాడు. ఫాదరు కావడానికి సెమినరీకి వెళ్లాడు. అతనితో చదివిన పిల్లలు చిన్నప్పుడే ఫ్యాక్టరీల్లో పనికి పోయారు. సెలవులకు ఇంటికి వచ్చి పాత స్నేహితులను పలకరిస్తే వాళ్లు మొహం తిప్పుకున్నారు. నువ్వు దొరల పక్షం అయిపోయావన్నట్టు చూశారు. తండ్రి కష్టం చేసి చేసి 1903లో కన్నుమూశాడు. తన బతుకు ఈ పనిపిల్లలకే అని కార్డిన్ ఆ రోజున ఒట్టు పెట్టుకున్నాడు. 1925లో యువ క్రైస్తవ కార్మికుల సంఘం అతని వల్ల నిలబడింది. దాని కొమ్మే విద్యార్థుల సంఘం. మన ఏన్కూరుకు ఆనుకునే ఉన్న కారేపల్లి మండలానికి సింగరేణి అని పేరు, బొగ్గు కంపెనీకి ఆ పేరు వచ్చింది అక్కడి సింగరేణి ఊరి నుంచే. బావి పనికి పోయిన వాడికీ చదువుకు పోయిన వాడికీ మధ్య మాటలు ఎలా కరువవుతాయో ఈ చుట్టుపక్కల ఎవరికీ చెప్పనక్కర్లేదు.

కార్డిన్ పిల్లలకు నేర్పిన పద్ధతి మూడు మాటలు. చూడు, తూచు, చెయ్యి. కళ్లముందున్న సంగతి ముందు సరిగ్గా చూడాలి. తర్వాత అది న్యాయమో కాదో తూచాలి. ఆపైన చేతనైనంత చెయ్యాలి, పెద్దపెద్దవి కాదు. 1961లో పోపు 23వ జాన్ తన లేఖలో ఈ మూడు మెట్లనూ చర్చి మొత్తానికి సిఫారసు చేశారు.

మా గుంపు పదకొండు మంది. శనివారం ఆఖరి పీరియడ్, చింతచెట్టు కింద. మాకు పెద్దదిక్కుగా ఉన్న సిస్టరుగారు కేరళ నుంచి వచ్చారు. ఆమె తెలుగు మాకంటే వంకరగా ఉండేది. బహుశా అందుకేనేమో, చెట్టు కింద చెక్కబిళ్ల చెల్లదన్నారు. మీకు ఏ భాషలో వస్తే అందులో మాట్లాడండి, మినిట్స్ మాత్రం తెలుగులో రాయండి అన్నారు. రాసే బాధ్యత నెలకొకరికి. ప్రెసిడెంటు, సెక్రటరీ, లెక్కల మనిషి, అన్నీ నెలకొకరికి. బాగా మాట్లాడే వాళ్లకు ముందు, మిగతావాళ్లకు తర్వాత అనే లెక్క లేదు. హాజరు పట్టీలో ఆఖరి పేరు నుంచి మొదలుపెట్టారు. ఆఖరి పేరు ఆ తండా పిల్లది.

మొదటి శనివారం ఆమె నోరు విప్పలేదు. పుస్తకంలో తేదీ వేసి, వచ్చినవాళ్ల పేర్లు రాసి, పుస్తకం మూసింది. రెండో శనివారం పోయిన వారం మినిట్స్ చదవాలి కాబట్టి నిలబడి చదివింది. తేదీ చదివింది, పదకొండు పేర్లు చదివింది, కూర్చుంది. ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి ఏముంది, అందరి పేర్లూ ఉన్నాయి. మూడో శనివారం ఒక పేరు తక్కువైంది. నాలుగోదానికి ఇంకా ఇద్దరు. అప్పుడు ఆమె లేచి అంది, వాళ్లు జ్వరమని సెలవు చీటీ పంపారు, జ్వరం కాదు, మిరపకాయ ఏరడానికి పోయారు అని. మాఘమాసం. మా నాన్న చేల్లో కూడా అదే సమయంలో కూలీలు ఏరుతున్నారు. అందులో బడి పిల్లలు ఎంతమంది అని నేను ఎన్నడూ లెక్కపెట్టలేదు.

చూడు అన్నారు కదా, చూశాం. బడి మొత్తంలో ఆ నెలలో రాని పిల్లల పట్టీ రాశాం. చెప్పిన కారణం ఒక గడి, అసలు కారణం ఒక గడి. తూచడం దగ్గర పెద్ద గొడవ జరిగింది. తల్లిదండ్రులది తప్పని ఒకామె. ఏరకపోతే అప్పు ఎలా తీరుతుందని ఇంకొకామె. కూలి ఇంకాస్త ఎక్కువిస్తే పెద్దవాళ్లే సరిపోతారు కదా అని ఆ తండా పిల్ల నా వంకే చూసి అడిగింది. రైతు కూతుర్ని, నా దగ్గర జవాబు లేదు. మినిట్స్‌లో నా పేరు పక్కన ‘మాట్లాడలేదు’ అని రాసింది.

చేసింది చిన్న పని. రాని వాళ్ల కోసం వంతుల వారీగా నోట్సు చేత్తో కాపీ రాశాం. ఏన్కూరు బస్సు కండక్టరు చేతికిచ్చి పంపించాం. వాళ్లకు యూనిట్ పరీక్ష మళ్లీ పెట్టమని సిస్టరుగారి ద్వారా అర్జీ పెట్టుకున్నాం. పెట్టారు. ఇద్దరు తిరిగొచ్చి పది పాసయ్యారు. మూడో అమ్మాయికి ఆ వేసవిలో పెళ్లి చేశారు. నోట్సు ఆమె దగ్గరే ఉండిపోయింది.

క్రిస్మస్ గురించి చెప్పకపోతే మా బ్యాచి వాళ్లు ఊరుకోరు. ముందు రెండు వారాలు పాత డబ్బాల్లో వడ్లు చల్లి నారు పోసేవాళ్లం, పశువుల పాక చుట్టూ పచ్చగా పెట్టడానికి. కొండలకు బూడిద పూసిన గోనెపట్టా. బాలయేసు పక్కన ఆవులూ గొర్రెలూ సరే, ఒక ఏడు కోయ పిల్లలు వెదురుతో అడవిదున్న కొమ్ముల తలపాగా చేసి ఒక మట్టి కాపరి నెత్తిన పెట్టారు. తీసేస్తారేమో అనుకున్నాం. ఫాదరుగారు వచ్చి చూసి, జ్ఞానులు తూర్పు నుంచి వచ్చారు, భద్రాచలం కూడా తూర్పే కదా అని నవ్వి వెళ్లిపోయారు. దసరా సెలవులకు ముందు బతుకమ్మ అదే మైదానంలో ఆడాం. సిస్టర్లు అడుగు తప్పుతూ చప్పట్లు కొట్టారు.

ఈ కలగలుపు కతోలిక బడుల్లో పాతదే. హైదరాబాదు ఆల్ సెయింట్స్ హైస్కూలు 1855 నాటిది. క్రికెటరు అజారుద్దీన్ అక్కడి విద్యార్థే. అంటే పునీతుల పేరున్న బడి ఒక ముస్లిం పిల్లవాడికి బ్యాటిచ్చి దేశానికి కెప్టెన్‌ను చేసింది. ఇవన్నీ గొప్పగా చెప్పుకుంటాం. ఆ మైదానాల్లో బ్యాటు అందని పిల్లలు ఎంతమంది అని కూడా అడగాలి.

మన రేడియో ఆ ప్రశ్న ఎప్పుడో అడిగింది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు, మనందరి రేడియో అన్నయ్యా అక్కయ్యా, 1940లో బాలానంద సంఘం పెట్టినప్పుడు మైకు పిల్లల చేతికిచ్చారు. బెదిరినా, తడబడినా పిల్లలే మాట్లాడాలన్నది వాళ్ల పట్టు.

ఇటీవలి సంగతులు కూడా రెండు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. ఆనంద్‌ది మన ఉమ్మడి ఖమ్మం జిల్లా. భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకోవడం నేర్చుకుని అంత ఎత్తుకు పోయారు. వసతి బడిలో తరగతి గది బయట ఏదో ఒకటి ఉంటే ఏమవుతుందో ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. రెండోది అంత సంతోషంగా లేదు. పట్నాల్లో ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అని బోర్డు పెట్టిన బడులకు మైదానం లేదు, శనివారం ఆఖరి పీరియడ్‌కు స్లిప్ టెస్టు. సర్కారు బడుల్లో పర్యావరణ సంఘాలు కేంద్రం పథకం కింద 2001 నుంచి ఉన్నాయి. చాలాచోట్ల అవి మొక్క నాటిన ఫొటోలో ఉంటాయి. మొక్కకు నీళ్లు ఎవరు పోయాలో రాసుకున్న పుస్తకం ఉండదు.

నేను ఇప్పుడు జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు టీచరును. పోయిన సంవత్సరం ఒక పొదుపు సంఘం సమావేశానికి ఓటరు నమోదు పని మీద వెళ్లాను. పన్నెండు మంది ఆడవాళ్లు చాప మీద కూర్చున్నారు. ఒకామె తీర్మానాల పుస్తకం తెరిచి, తేదీ చదివి, వచ్చినవాళ్ల పేర్లు చదివి, పోయిన నెల లెక్క చదివింది. గొంతు గుర్తుపట్టాను. మా చింతచెట్టు పిల్ల. గ్రామ సమాఖ్య లెక్కలు కూడా ఆమే రాస్తుందట. ఇది ఎక్కడ నేర్చుకున్నావే అని అడిగితే, “నీకు తెల్వదా అక్కా, నువ్వు మాట్లాడలేదని రాసింది నేనేగా” అంది. పన్నెండు మందీ నవ్వారు.

వచ్చిన వారమే మా బడిలో ఒక గుంపు మొదలుపెట్టాను. పేరు పెట్టలేదు, బ్యాడ్జీలు కొనలేదు. వంద పేజీల నోటుపుస్తకం ఒకటి కొన్నాను. మొదట్లో పిల్లలు ఏం చేయాలో తెలియక మరుగుదొడ్డి గురించి మాట్లాడారు. నీళ్లు రావని ఆడపిల్లలు మధ్యాహ్నం దాకా మంచినీళ్లు తాగడం మానేస్తున్నారట. ఇరవై ఏళ్లుగా టీచరుగా ఉన్నాను, ఆ సంగతి నాకు ఆ పుస్తకం చెప్పింది. పంపు ఇప్పుడు బాగైంది. దానికి మూడు అర్జీలూ రెండు నెలలూ పట్టాయి, అదీ పుస్తకంలో ఉంది.

ఈ ప్రసంగం వింటున్న హెడ్మాస్టర్లకు, ఫాదర్లకు, సిస్టర్లకు, గురుకులాల ప్రిన్సిపాళ్లకు నా మనవి ఒక్కటే. శనివారం ఆఖరి పీరియడ్ పిల్లలకు వదిలేయండి. భాష వాళ్ల ఇష్టానికి వదలండి. మినిట్స్ పుస్తకం మాత్రం హాజరు పట్టీలో ఆఖరి పేరు నుంచి ఇవ్వడం మొదలుపెట్టండి.